పెదవి వెనక

అపియా,
11 ఆగస్టు 1997.

ప్రియమైన నాన్నగారికి,

మీ చిన్న కూతురు తెలేసియా రాస్తున్నది. ఫెర్రీలో సముద్రం దాటి వచ్చే మన ఊరి బస్సు డ్రైవరు చేతికిచ్చి ఈ ఉత్తరం పంపుతున్నాను. శనివారం అత్త మన ఊరి కొట్టుకు ఫోను చేసి మీతో మాట్లాడుతున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. మధ్యలో ఒకసారి రిసీవరు నా చెవికి ఆనించింది. మీ గొంతని తెలిసింది గాని మాటలు తెలియలేదు. నేను మాట్లాడి ఉంటే మీకూ అంతే అయ్యేది. అందుకే రాస్తున్నాను. కాగితం మీద నా మాటలు అందరి మాటల్లాగే ఉంటాయి.

మీరు ఏమన్నారో ఫోను పెట్టేశాక అత్త చెప్పింది. అక్క కొడుకు పెతెలోను వచ్చే నెల ఆస్ట్రేలియా డాక్టర్లకు చూపించనవసరం లేదన్నారట. చీలిన పెదవి కుట్టించేశాం, గీత కూడా కనపడకుండా మానింది, పిల్లవాడు నవ్వుతున్నాడు, ఇంకేం కావాలన్నారట. పైగా డాక్టర్లు వచ్చే ఆ వారంలోనే మన వంశపెద్దకు బిరుదిచ్చే సభ. సభలో ఆయన తరఫున మాట్లాడవలసినవారు మీరు. నాలుగు ఊళ్ళ జనం వస్తారు, లూసియా అక్క లేకపోతే వంటా వడ్డనా ఎవరు చూస్తారన్నారట. ఇదంతా చెప్పి అత్త, "మీ నాన్న సభలో లేస్తే గంటకు గానీ కూర్చోడు. ఫోనులో మాత్రం నాలుగు ముక్కల్లో తేల్చేస్తాడు" అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

పెతెలో నాలాగే పుట్టాడు. పైపెదవితో పాటు నోటి లోపల అంగిలి కూడా చీలి ఉంది. పెదవి అందరికీ కనిపిస్తుంది గనుక కుట్టించాం. అంగిలి ఎవరికీ కనిపించదు. నాకూ అలాగే జరిగింది. ఐదో నెలలో పెదవి కుట్టారు. ఊరంతా వచ్చి చూసి మెచ్చుకున్నారని అమ్మ చెప్పేది. అంతటితో అయిపోయిందనుకున్నారు. నాకిప్పుడు ఇరవై రెండేళ్ళు. అంగిలి ఇప్పటికీ తెరుచుకునే ఉంది.

పోయిన నెల నా చెవి కారుతుంటే అత్త ఆసుపత్రికి తీసుకుపోయింది. అక్కడ నర్సు ఫెతూ ఒక కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. మనం చాలా మాటలు పలకాలంటే నోట్లో ఒక్క క్షణం గాలి నిలవాలట. అంగిలి చీలి ఉంటే ఆ గాలి ముక్కులోకి పోతుంది. మాట పుట్టేలోపే ఊపిరైపోతుంది. ఈ సంగతి నా నోటికి ఎప్పటినుంచో తెలుసు. చెవి సంగతే తెలియదు. చెవి లోపలి నుంచి గొంతులోకి ఒక సన్నని గొట్టం ఉంటుంది. మనం మింగినప్పుడల్లా అంగిలిలోని కండరం దాన్ని లాగి తెరుస్తుంది. చీలిన అంగిలికి ఆ పట్టు ఉండదు. గొట్టం మూసుకుపోయి, చెవిలో నీరు చేరి, చిక్కబడి జిగురులా అవుతుంది. పెతెలోకు మన మాటలు నీళ్ళలో మునిగి విన్నట్టు వినిపిస్తుంటాయి. సరిగా వినని మాటను సరిగా పలకడం వాడెలా నేర్చుకుంటాడు?

ఏడాది అటూ ఇటూగా, మాటలు రాకముందే అంగిలి మూయాలని ఆమె చెప్పింది. పెతెలోకు పది నెలలు నిండాయి. డాక్టర్లు సెప్టెంబరు పదిహేడు, బుధవారం, పిల్లల్ని చూసి ఎవరికి చేయాలో ఆ రోజే నిర్ణయిస్తారు. ఆ రోజు తప్పితే మళ్ళీ వచ్చే సెప్టెంబరే. అప్పటికి వాడు ముక్కుతో మాట్లాడడం మొదలుపెట్టి ఉంటాడు. ఒకసారి అలవాటైన పలుకు వదలడం చాలా కష్టమట.

దయచేసి అక్కనూ పెతెలోనూ పంపండి.

మీ
తెలేసియా

*

అపియా,
26 ఆగస్టు 1997.

నాన్నగారికి ప్రేమతో,

నిన్న మీరు మళ్ళీ అత్తతో మాట్లాడారు. నా ఉత్తరం చదివానని, రాసిన తీరు బాగుందని చెప్పారట. ఆ తర్వాత, "అది పుస్తకాలు ఎక్కువ చదువుతోంది. తనూ అలాగే పెరిగిందిగా, ఏం తక్కువైంది దానికి?" అన్నారట. మీరు మామూలుగానే అని ఉంటారు. అత్త కూడా మామూలుగానే చెప్పి టారో దుంపల చెక్కు తీసుకుంటూ కూర్చుంది. నాకు మాత్రం ఆ ప్రశ్న నిన్నటి నుంచి విడవడం లేదు. ఇంతవరకు ఎవరూ అడగలేదు గనుక నేనూ చెప్పలేదు. అడిగారు గనుక చెబుతాను.

ఆరేళ్ళప్పుడు బడిలో ఒకరోజు అందరికీ కోకో పోశారు. తాగుతుంటే నా ముక్కులోంచి కారింది. పిల్లలు తమ కప్పులు తెచ్చి నాకిచ్చి, ఇంకోసారి తాగమని చుట్టూ చేరారు. నేను తాగాను. ఒకరి తర్వాత ఒకరిది ఐదారు కప్పులు తాగాను. నా చుట్టూ అంతమంది చేరడం అదే మొదటిసారి. ఇంటికొచ్చి అమ్మతో, ఇవాళ అందరూ నాతో ఆడుకున్నారని చెప్పాను. అమ్మకు ఆ మాట అర్థమైందో లేదో తెలియదు, తల నిమిరింది. ఆ తర్వాత దారిలో ఎవరు ఎదురైనా, "ఏమే, నీ మాటలకి జలుబు తగ్గిందా?" అనేవారు. ఒకసారి మా టీచరు కూడా నవ్వు ఆపుకోలేకపోయింది.

అప్పటినుంచి మాటలు తగ్గించాను. మన దేశంలో అది పెద్ద కష్టం కాదు. కనుబొమలు పైకెత్తితే అవునని అర్థం. ఎత్తకుండా ఉంటే కాదని. వాటితో చాలా దూరం రావచ్చు. కాన్వెంటు హాస్టల్లో ఒకసారి లెక్కపెట్టుకుంటే తొమ్మిది రోజులు ఒక్క మాట లేకుండా గడిచాయి. పదో రోజు మాట్లాడింది కూడా ఎవరో గమనించి పలకరించినందుకు కాదు. స్నానాల గదిలో సబ్బు అడగవలసి వచ్చింది.

చెవుల సంగతి అంతకంటే వింతగా ఉండేది. సిస్టర్ పెలెనతేతే వెనకనుంచి పిలిచినప్పుడు నేను తిరగలేదని, పొగరనుకుని ఎండలో నిలబెట్టింది. ఎందుకు నిలబెట్టిందో నాకు తెలియలేదు. వినపడనిది ఒకటుందని వినపడనివాళ్ళకు ఎలా తెలుస్తుంది? అమ్మాయిలు మంచాల మీద చేరి గుసగుసలాడుకుని నవ్వేవారు. గుసగుసలు నాదాకా వచ్చేవి కావు, నవ్వులు వచ్చేవి. నవ్వులన్నీ నా గురించేననుకునేదాన్ని. కొన్నే అయ్యుంటాయని ఇప్పుడు అనిపిస్తోంది. చివరికి ఆ సిస్టరే నాకు లైబ్రరీ తాళం ఇచ్చింది. పుస్తకం అందరితో ఎంత గట్టిగా మాట్లాడుతుందో నాతోనూ అంతే గట్టిగా మాట్లాడింది. నేను పుస్తకాలు ఎక్కువ చదువుతున్నానని మీరన్నది నిజమే.

ఇప్పుడు మన ఇంటి సంగతి రాస్తాను. ఇది రాయడానికి మూడు కాగితాలు చించాను.

సాయంత్రం శంఖం ఊదగానే ఊరంతా ఇళ్ళలో ప్రార్థనకు కూర్చుంటుంది. మన ఇంట్లో బైబిలు చేతులు మారుతుంది, ఒక్కొక్కరు ఒక్కో వాక్యం చదువుతారు. అక్క తర్వాత నేను. అక్క చదవగానే నా వాక్యం మీరు చదివి, పుస్తకం చిన్నాన్న చేతికి ఇచ్చేవారు. ఒక్కరోజు కూడా మరిచిపోలేదు. నేను ప్రతి సాయంత్రం నా వాక్యం ఎక్కడ వస్తుందో ముందే లెక్కపెట్టుకుని మనసులో చదువుకునేదాన్ని. మీరు కొద్దిగా వేగంగా చదివేవారు. నాది ఎప్పుడూ సగంలో ఆగేది.

నాకు ఎనిమిదేళ్ళున్నప్పటి పిల్లల ఆదివారం మీకు గుర్తుందో లేదో. అమ్మ తెల్ల గౌను కుట్టింది. కంఠత వాక్యం మూడు వారాలు నేర్చుకున్నాను. సముద్రం ఒడ్డుకు పోయి అలల చప్పుడులో గట్టిగా చెప్పుకునేదాన్ని. ఆ రోజు చర్చిలో నా పేరు పిలిస్తే అక్క మోచేత్తో పొడిచింది. ముందుకు వెళ్ళి నిలబడ్డాను. మొదటి ముక్క చెప్పాను. ముందు వరసలో ఎవరో పిల్లవాడు నవ్వాడు. రెండో ముక్క కూడా చెప్పగలిగేదాన్ని, నాన్నగారూ. నాకు ధైర్యం ఉంది. కానీ వెనకనుంచి మీరు లేచారు. సభల్లో వాడే గొంతుతో నా వాక్యం మొదటినుంచి చివరిదాకా మీరు చెప్పారు. చాలా అందంగా చెప్పారు. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఎంత మంచి తండ్రి అన్నారు. మీరు చెప్పినంతసేపూ నేను తెల్ల గౌనులో అందరి ముందూ నోరు తెరిచి నిలబడే ఉన్నాను. ఎప్పుడు మూయాలో తెలియలేదు.

ఆ రోజునుంచి మీరే నా నోరు. చదువు అయిపోయాక కాన్వెంటు మదర్ నన్ను పిలిపించి, ఏం చేయాలనుకుంటున్నావని అడిగింది. మీరు పక్కనే ఉన్నారు. మా అమ్మాయికి పుస్తకాల మధ్య ఉంటే చాలు అన్నారు. అలా నేను ఈ బడి లైబ్రరీలో అట్టలు అతికిస్తున్నాను. నేను టీచర్నవ్వాలనుకున్నాను. ఈ మాట మొదటిసారి ఇప్పుడే రాస్తున్నాను. చిన్నపిల్లలకు చదవడం నేర్పాలనుకున్నాను. ఆ గదిలో నాకు మాట వస్తే చెప్పేదాన్నేమో. మీరు నాకంటే ముందు చెప్పేశారు.

వంశపెద్ద సభలో నోరు విప్పరు, మీరు నిలబడి ఆయన మాట చెబుతారు. అది ఆయనకు గౌరవం. నా మాట మీరు చెప్పింది గౌరవంతో కాదు. నా గొంతు నలుగురికీ వినపడితే మీకు సిగ్గు. మన దీవిలో అందరికంటే చక్కగా మాట్లాడే మనిషికి నేను పుట్టాను. మీ సిగ్గు నాకు అర్థమవుతుంది. అయినా నాకేం తక్కువైందని అడగకండి.

నేనెప్పుడూ మిమ్మల్ని ఏదీ అడగలేదు. ఇప్పుడు కూడా నాకోసం అడగడం లేదు. పెతెలోను పంపండి.

తెలేసియా

*

అపియా,
8 సెప్టెంబరు 1997.

నాన్నగారికి,

రెండు వారాలైంది. మీ నుంచి ఏ కబురూ లేదు. అత్త రెండుసార్లు ఫోను చేస్తే మీరు సభ పనులమీద పై ఊళ్ళకు వెళ్ళారన్నారు. నేనేం రాశానో అత్త అడిగితే చెప్పాను. ఆమె విసనకర్ర కింద పెట్టేసింది.

"తండ్రికి అలా రాస్తారుటే? పదిమందిలో నిలబడి నీ పరువు కాపాడిన మనిషి. ఏ తండ్రి లేస్తాడు చెప్పు అలా?"

నేను విసనకర్ర తీసి ఆమె చేతికిచ్చాను. అత్త, "ఇక్కడ నాతో ఒక్క ముక్క మాట్లాడవు. కాగితం దొరికితే మాత్రం కత్తి దూస్తావు. అచ్చం వాడి పోలికే" అని లేచి వెళ్ళి నాకు అన్నం పెట్టింది.

రాసిన తీరుకు క్షమించమని అడుగుతున్నాను. రాసిన విషయానికి కాదు.

శుక్రవారం నర్సు ఫెతూ నా చెవులకు పరీక్ష చేసింది. చెక్కపెట్టెలాంటి చిన్న గదిలో కూర్చోబెట్టి చెవులకు ఏవో తగిలించి, చప్పుడు వినపడినప్పుడల్లా చెయ్యెత్తమంది. గాజు కిటికీ అవతల ఆమె బొత్తాలు నొక్కుతూ ఉంది. నేను యంత్రం ఇంకా మొదలుపెట్టలేదనుకుని ఎదురు చూస్తూ కూర్చున్నాను. చాలాసేపు అలా కూర్చున్నాను. ఆమె తల వంచుకుని ఏదో రాస్తోంది, మళ్ళీ నన్ను చూస్తోంది, మళ్ళీ రాస్తోంది. చివరికి ఒక సన్నని కూత వినిపించి చెయ్యెత్తాను. బయటికి వచ్చాక అడిగితే చెప్పింది, అప్పటికి సగం పరీక్ష అయిపోయిందట. కుడి చెవిలో పోయింది ఇక తిరిగి రాదట. ఎడమ చెవిలో కొంత రావచ్చట. ఇన్నేళ్ళూ నేను అలాగే కూర్చున్నానేమో, ఇంకా ఏమీ మొదలు కాలేదనుకుని.

పెతెలోను ఆ పెట్టెలో కూర్చోబెట్టే రోజు రాకూడదు.

పదహారో తేదీ, మంగళవారం, మధ్యాహ్నం ఫెర్రీకి నేను ములిఫనువా రేవులో నిలబడి ఉంటాను. మీరు పంపుతారో లేదో తెలియకపోయినా నిలబడి ఉంటాను.

తెలేసియా

*

సవాయి,
13 సెప్టెంబరు 1997.

నా చిన్నతల్లి తెలేసియాకు,

ఆకాశం తెల్లవారింది, దేవుని దయవల్ల మన రెండు దీవుల మధ్య సముద్రం నెమ్మదిగా ఉంది, నీవు పనిచేసే ఆ విద్యాలయపు గౌరవానికీ, నీకు నీడ ఇచ్చిన నా చెల్లెలి ఇంటికీ

ఇలా మొదలుపెట్టి ఆపేశాను. కొట్టేయకుండా ఉంచుతున్నాను, నువ్వు చూడాలని. నాకు ఇలాగే వస్తుంది. ఇదే నా జబ్బు. ఆ సంగతి చెప్పడానికే కూర్చున్నాను. నేను ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. ఇంతకాలం ఎవరికి ఏం చెప్పాలన్నా ఎదుట నిలబడి చెప్పాను.

నీ అంగిలి సంగతి మేము మరిచిపోయామనుకున్నావు. మరిచిపోలేదు. పెదవి కుట్టినప్పుడే ఆ డాక్టరు, ఏడాదికి తీసుకురండి, లోపలిది చూద్దాం అన్నాడు. నీకు పదకొండో నెల రాగానే మీ అమ్మా నేనూ నిన్ను తీసుకుని పడవ ఎక్కాం. మీ అమ్మ ఆరు నెలలు కూర్చుని అల్లిన సన్న చాప కానుకగా పట్టుకెళ్ళాం. ఆసుపత్రికి వెళితే ఆ పాత డాక్టరు తన దేశం వెళ్ళిపోయాడు, కొత్తాయన వచ్చాడు. పడుచువాడు. మీ అమ్మ నిన్ను ఎత్తుకుని బయట కూర్చుంది. నేను లోపలికి వెళ్ళాను. ఆసుపత్రి గుమాస్తా ఒకడు నా మాటలు ఇంగ్లీషులో చెప్పడానికి నిలబడ్డాడు.

నేను ఎలా మాట్లాడాలో అలాగే మాట్లాడాను. ఆ ఆసుపత్రి గౌరవం చెప్పాను. సముద్రం దాటి వచ్చిన వైద్యుల గొప్పతనం చెప్పాను. పెదవి కుట్టిన చేతులకు దండం పెట్టాను. చివర అసలు సంగతి మన పద్ధతిలో పెట్టాను. పడవ ముక్కు బాగు చేశారు, ఒడ్డున చూసినవారంతా మెచ్చుకున్నారు, పడవ అడుగు మాత్రం నీళ్ళకే తెలుసు అన్నాను. మన సభలో పదేళ్ళవాడికి కూడా అర్థమయ్యే మాట అది. చాప ఆయన ముందు పరిచాను.

గుమాస్తా రెండు ముక్కల్లో ఏదో చెప్పాడు. డాక్టరు లేచి, నవ్వి, నా చెయ్యి పట్టుకుని ఊపాడు. చాప తీసుకున్నాడు. వెళ్ళి రమ్మన్నట్టు తలుపు తెరిచాడు.

చాప తీసుకుని జవాబు చెప్పకపోతే కుదరదని అర్థం. మర్యాదగా కాదన్నాడనుకున్నాను. పెద్దమనిషి ఒకసారి కాదన్నాక రెండోసారి అడిగితే అడిగినవాడి పరువూ పోతుంది, కాదన్నవాడి పరువూ పోతుంది. నేను చిన్నప్పటి నుంచి నేర్చుకున్నది అదే. బయటికి వచ్చాను. ఏమన్నారని మీ అమ్మ అడిగింది. అక్కర్లేదన్నారు, దానంతటదే కూడుకుంటుందట అన్నాను. మీ అమ్మ నా మాట నమ్మింది. నా మాట అందరూ నమ్ముతారు.

ఐదేళ్ళ తర్వాత ఒక చావు ఇంట్లో ఆ గుమాస్తా కనిపించాడు. నన్ను గుర్తుపట్టి పదిమందిలో మెచ్చుకున్నాడు. "అయ్యా, ఆ రోజు మీరు మాట్లాడిన మాటలు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి. అంత చక్కగా కృతజ్ఞతలు చెప్పినవాణ్ణి నేను చూడలేదు. డాక్టరుగారికి కూడా అదే చెప్పాను, ఈయన మీకు థ్యాంక్స్ చెప్పడానికి సముద్రం దాటి వచ్చాడని" అన్నాడు.

అప్పటికి నీకు ఆరేళ్ళు. మళ్ళీ తీసుకువెళ్ళవచ్చు. వెళితే మీ అమ్మకు చెప్పాలి. మీ అమ్మకు చెబితే ఊరికి తెలుస్తుంది, నాలుగు ఊళ్ళ తరఫున మాట్లాడే మనిషి కన్నకూతురికి అంగిలి కుట్టమని అడగలేకపోయాడని. ఈరోజు రేపు అని ఊరుకున్నాను. మీ అమ్మ పోయేదాకా ఊరుకున్నాను.

పిల్లల ఆదివారం నాకు గుర్తుంది. నువ్వు నోరు తెరిచినప్పుడు చర్చిలో అందరికీ నీ గొంతు వినిపించింది. నాకు ఆసుపత్రి గదిలో నా గొంతు వినిపించింది. దాన్ని ఆపడానికి లేచాను. ప్రతి సాయంత్రం నీ వాక్యం చదివింది కూడా అందుకే. సిగ్గు ఉంది. నువ్వు అనుకున్నది కాదు.

పెతెలోను చూస్తే నాకు భయం వేసింది. అదే ఆసుపత్రి, అదే గది. వెళితే ఇరవై ఏళ్ళ కిందటిదంతా బయటపడుతుంది. సభ ఉందని వంక పెట్టాను. పెదవి మానిందిగా అన్నాను.

నువ్వు ఉత్తరంలో "పంపండి" అని రాశావు. ఒక్క మాట. ముందు వెనక ఏమీ లేదు. ఆ రోజు నేను "కుట్టండి" అని ఉంటే సరిపోయేది. ఆ మాట నా నోటికి రాలేదు.

లూసియా, పిల్లవాడు మంగళవారం ఫెర్రీలో వస్తారు. వంట సంగతి మేం చూసుకుంటాం. నేను రావడం లేదు. సభ కోసం కాదు. నేను వస్తే మళ్ళీ నేనే మాట్లాడతాను. నువ్వు మాట్లాడు.

మీ నాన్న
సెతెఫానో

*

అపియా ఆసుపత్రి,
20 సెప్టెంబరు 1997.

నాన్నగారికి,

ఈ వేళకు మీరు సభలో ఉంటారు. నేను పిల్లల వార్డులో పెతెలో మంచం పక్కన కూర్చుని రాస్తున్నాను. అక్క స్నానానికి వెళ్ళింది.

పెతెలోకు అంగిలి మూశారు. ముందు ఆ మాట చెప్పాలి. గురువారం ఉదయం తీసుకువెళ్ళి రెండు గంటల తర్వాత తెచ్చారు. నోట్లో చేతులు పెట్టుకోకుండా రెండు మోచేతులకూ అట్టగొట్టాలు చుట్టారు. రెండు చేతులూ బారజాపి సభలో ప్రసంగించేవాడిలా ఉన్నాడు. అక్క చూసి, "వీడికి తాతగారి పని ఇప్పుడే అప్పజెప్పారు" అంది. మూడు రోజుల్లో అక్క నవ్వడం అదొక్కసారే.

అక్క తెచ్చిన మీ ఉత్తరం రేవులోనే చదివాను. మళ్ళీ బస్సులో చదివాను. క్షమించానని రాయడానికి నాకు ఇంకా చెయ్యి రావడం లేదు. కోపంగా ఉన్నానని రాద్దామంటే అదీ నిజం కాదు. మీరు రెండోసారి అడిగి ఉండాల్సింది. ఇంతకంటే ఇవాళ రాయలేను.

బుధవారం వరండాలో చాలామంది పిల్లలున్నారు. బల్ల దగ్గర పేర్లు రాసుకునే ఆమెకు నేను చెప్పింది అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. ఆమె నన్ను వదిలి అక్కవైపు చూసింది. అక్క నోరు తెరవబోయింది. నేను అక్క చెయ్యి పట్టుకున్నాను, ఆగింది. మూడోసారి చెప్పాను. నా వెనక వరస పెరిగిపోయింది, ఎవరో విసుక్కున్నట్టున్నారు. నాలుగోసారికి ఆమె రాసుకుంది. పెతెలో పేరు తప్పుగా రాస్తే ఐదోసారి చెప్పి దిద్దించాను.

లోపల డాక్టరు ముసలాయన. పక్కన మన మాటలు ఇంగ్లీషులో చెప్పడానికి ఒకామె ఉంది. నేను ఆమెవైపు చూడలేదు. సిస్టర్లు నేర్పిన ఇంగ్లీషులో నేనే చెప్పాను. వీడి అంగిలి తెరిచి ఉంది, ఈ వారమే మూయండి, చెవుల్లో నీరుందేమో చూడండి అన్నాను. ఆయన ముందుకు వంగి, ఇంకోసారి నెమ్మదిగా చెప్పమన్నాడు. చెప్పాను. ఆయన తల ఊపి, వేలితో తన చెవి చూపించి, చెవులు కూడా, అన్నాడు. అర్థమైంది ఆయనకు. ముందు వెనక నేనేమీ చెప్పలేదు. కృతజ్ఞతలు చెప్పడం కూడా మరిచిపోయాను. తర్వాత గుర్తొచ్చింది.

ఆయన నన్ను కూడా నోరు తెరవమని దీపం వేసి చూశాడు. నాకు కూడా కొంత చేయవచ్చట. అయితే ఈ వయసులో పలుకు పూర్తిగా మారుతుందని మాట ఇవ్వలేనన్నాడు. వచ్చే ఏడాది చెబుతానన్నాను. ఇలా మాట్లాడేదాన్ని ఎవరైనా టీచరుగా పెట్టుకుంటారో లేదో తెలియదు. మదర్‌ను నేనే వెళ్ళి అడుగుతాను. కాదంటే కాదంటారు.

పెతెలో చెవుల్లోంచి జిగురులాంటిది తీసి, రెండింటిలోనూ బియ్యపుగింజంత గొట్టాలు పెట్టారు. నిన్న మధ్యాహ్నం వార్డులో ఎవరి చేతిలోంచో పళ్ళెం జారి పడింది. పెతెలో ఒళ్ళంతా ఉలిక్కిపడి గుక్కపట్టి ఏడ్చాడు. నర్సు వచ్చి కంగారుపడింది. అక్క మాత్రం వాణ్ణి గుండెకు హత్తుకుని, "వీడు ఎప్పుడూ ఉలిక్కిపడలేదే. ఇంటి పక్క కొబ్బరిచెట్టు కూలినప్పుడు కూడా నిద్ర లేవలేదు. బంగారమని మురిసిపోయాను" అని తనూ ఏడ్చింది.

ఇప్పుడు ఇంకొకటి రాస్తాను, ఇది అక్కకు కూడా చెప్పలేదు. ఇందాక అక్క వెళ్ళగానే పెతెలో మేలుకున్నాడు. ఏడుపు మొదలుపెట్టబోతే, చేతిలో ఉన్న పుస్తకంలోంచి చదవడం మొదలుపెట్టాను, పైకి. పైకి చదివి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తు లేదు. వాడు తల తిప్పి, గొంతు ఎక్కడినుంచి వస్తోందో వెతికి, నా నోరు చూసి అక్కడ ఆగిపోయాడు. రెప్ప వేయలేదు. అప్పుడు నాకు భయం వేసింది. ఈ చెవులతో వాడు తీరికగా వింటున్న మొదటి గొంతు నాది. మాటంటే ఇలాగే ఉంటుందని నేర్చుకుంటాడేమో అనిపించి పుస్తకం మూసేశాను. వాడు కాసేపు చూశాడు. తర్వాత అట్టగొట్టాల చేతులు రెండూ నావైపు చాపి, కుట్లు తెగుతాయేమో అన్నంత గట్టిగా ఏడ్చాడు. పక్క మంచాల వాళ్ళంతా ఇటు తిరిగారు. ఊయలలాగా ఊపి చూశాను, ఊరుకోలేదు.

పుస్తకం తెరిచి, ఆపినచోటు నుంచి మళ్ళీ చదివాను. ఇంకా చదువుతూనే ఉన్నాను. పేజీ తిప్పే మధ్యలో ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీ
తెలేసియా